టకోమా బ్యాండ్ ‘ద సోనిక్స్’: రికార్డింగ్ పాడైందా, కావాలనే అలా చేశారా?

ఐ5_కిరణ్

ఇక్కడ రాక్ వినేవాళ్ళు కొంతమంది ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నాను. నేనుండేది అమెరికాలో, సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో. పోయిన శనివారం పని మీద దగ్గర్లోని టకోమా వెళ్ళి, పని త్వరగా అయిపోతే ఒక పాత రికార్డుల షాపులో దూరాను. షాపతను ఏదో ఎల్పీ (పది పన్నెండు పాటలుండే పెద్ద రికార్డు) పెట్టాడు. ముందు డ్రమ్ము, దాని వెంట సాక్సోఫోన్, ఆ తర్వాత ఒక గొంతు. పీక తెగిపోతుందేమో అన్నట్టు అరుపు. చేతిలో ఉన్న రికార్డు కింద పెట్టేసి అలాగే నిలబడిపోయాను. ఎవరు వీళ్ళు అని అడిగితే ‘ద సోనిక్స్, ఈ ఊరివాళ్ళే, 1965’ అన్నాడు.

1965! ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. సియాటిల్ అంటే నాకు తెలిసింది హెండ్రిక్స్, నిర్వాణ, పెర్ల్ జామ్. ఈ పేరు ఒక్కసారి కూడా చెవిన పడలేదు.

ఆ రాత్రే మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒక పాట పెట్టాను. వచ్చిన జవాబులు: ‘రికార్డింగ్ పాడైపోయింది’, ‘నీ స్పీకర్ పోయినట్టుంది చూసుకో’. నిజంగా కోపం వచ్చింది. అందుకే రెండు ప్రశ్నలు. ఈ సౌండ్ చేతకాక ఇలా వచ్చిందా, కావాలనే చేశారా? ఇంత బ్యాండు పేరు మనవాళ్ళ నోట ఎందుకు వినపడదు?

క్లియర్_సౌండ్

ఇప్పుడే విన్నా. మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే. గొంతు పగులుతోంది, గిటారేదో సాక్సోఫోనేదో విడివిడిగా తెలియడం లేదు. పాతది కాబట్టి గొప్పది అనుకోవడం ఒక జబ్బు.

పాతరికార్డుల_పిచ్చి

కిరణ్, నువ్వు విన్నది ‘హియర్ ఆర్ ద సోనిక్స్’ అయి ఉంటుంది. 1965లో ఎటికెట్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) వేసింది. ఆ లేబుల్ పెట్టింది ‘ద వెయిలర్స్’, అదే టకోమా బ్యాండు. అంటే ఒక బ్యాండువాళ్ళు తమ డబ్బుతో ఇంకో బ్యాండు రికార్డు వేశారు. పెద్ద కంపెనీ వాసన లేదు.

మనుషులు ఐదుగురు. లారీ పరీపా గిటార్, అతని అన్న ఆండీ బేస్, రాబ్ లిండ్ సాక్సోఫోన్, బాబ్ బెనెట్ డ్రమ్స్. ఆ అరిచేది జెర్రీ రోజ్లీ, ఆర్గన్ వాయించేదీ అతనే. బ్యాండు 1960లోనే మొదలైంది కానీ ఈ ఐదుగురూ కుదురుకున్నది 63, 64 నాటికి. మొదటి సింగిల్ (రెండు పాటల చిన్న రికార్డు) ‘ద విచ్’, 1964 చివర్లో. దాన్ని సియాటిల్ కెజెఆర్ రేడియో పగటిపూట వేసేది కాదు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు బెదిరిపోతారని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి వేసేవాళ్ళు. పిల్లలు ఎగబడి కొన్నారు.

క్లియర్_సౌండ్ గారికి ఒక్కటే చెప్తాను. రికార్డు చేసింది కర్నీ బార్టన్. ఆ రోజుల్లో సియాటిల్‌లో ఆయన్ని మించిన రికార్డిస్టు లేడు. శుభ్రంగా రికార్డు చేయడం ఆయనకి చేతనైన పని.

రాత్రి_షిఫ్ట్

పేరు ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు. టకోమా పక్కనే మెక్‌కార్డ్ వైమానిక స్థావరం. జెట్లు ధ్వని వేగం దాటినప్పుడు వచ్చే పేలుడు, సోనిక్ బూమ్, ఆ పిల్లలు రోజూ వింటూ పెరిగారు. బ్యాండు పేరు సోనిక్స్, రెండో ఎల్పీ పేరు ‘బూమ్’.

డ్రమ్స్_దివ్య

చేతకాక అనేవాళ్ళు ఆ డ్రమ్ము ఒక్కదాన్నే పట్టుకుని వినండి. మొత్తం సెట్టుకి ఒకే ఒక్క మైకు. ఇప్పుడు మేము స్టూడియోకి వెళ్తే కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఒకటి, స్నేర్‌కి (ముందుండే చిన్న డ్రమ్ము) పైన ఒకటి కింద ఒకటి, ఇలా ఎనిమిది పదీ పెడతాం. అయినా ఆ దెబ్బ రాదు. నిర్వాణ గాయకుడు కర్ట్ కొబైన్ ఒక ఇంటర్వ్యూలో పనిగట్టుకుని ఈ డ్రమ్ము సౌండునే పొగిడాడు. ఒక మైకు ఉన్నప్పుడు తర్వాత మిక్సింగులో సర్దుకోవచ్చు అన్న ధీమా ఉండదు. స్నేర్ ఎంత వినపడాలి, సింబల్ (లోహపు పళ్ళెం) ఎంత వినపడాలి అన్నది వాయించేవాడి మణికట్టులోనే తేలాలి. బెనెట్ స్నేర్ మీద కొట్టే దెబ్బకీ సింబల్ మీద వేసే దెబ్బకీ బలంలో తేడా ఉంది చూశారా? అది తెలిసి చేసిన పని.

మైకుసెట్టు_మనవడు

ఈ సౌండు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు :)

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. మా తాతకి మైకుసెట్టు వ్యాపారం ఉండేది. పెళ్ళిళ్ళు, తిరనాళ్ళు, ఎలక్షన్లు. అహుజా ఆంప్లిఫైయరు, నాలుగు బాకాలు, రెండు బాక్సులు. కొబ్బరిచెట్టుకి బాకా కట్టి వాల్యూమ్ సగం తిప్పితే గొంతు గొంతులా వస్తుంది. ముప్పావు దాటితే ‘ర్ర్‌ర్’ అని అంచు తేలుతుంది. పూర్తిగా తిప్పితే పగులుతుంది. పెళ్ళిలో పగిలితే తిట్లు. తిరనాళ్ళలో ప్రభ లేచేటప్పుడు మాత్రం జనమే ‘పెంచు పెంచు’ అని అరిచేవాళ్ళు. అప్పుడు పగిలితే ఎవడూ తిట్టలేదు. ఆ పగిలిన సౌండు వింటేనే మా ఊళ్ళో పండగ వచ్చినట్టు.

సోనిక్స్ విన్న మొదటి నిమిషంలోనే నాకు ప్రభ కనపడింది.

ఐ5_కిరణ్

మనవడూ, నువ్వు రాసింది చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మాది ఒంగోలు, ప్రభల ముందు ఆ సౌండు నాకూ తెలుసు. షాపులో నిలబడిపోవడానికి కారణం ఇదేనేమో.

క్లియర్_సౌండ్

అంటే తిరనాళ్ళ మైకుసెట్టు కూడా కళాఖండమేనా ఇక? గోల ఎవరైనా చేయొచ్చు. వాళ్ళు మామూలుగా రికార్డు చేసుకుంటే ఎలా ఉండేదో తెలిస్తే కదా పోల్చగలం.

పాతరికార్డుల_పిచ్చి

తెలుసు కాబట్టే చెప్తున్నాం. మామూలుగా చేసిన రికార్డు ఉంది. 1967లో జెర్డెన్ లేబుల్ కింద ‘ఇంట్రడ్యూసింగ్ ద సోనిక్స్’. హాలీవుడ్ గోల్డ్ స్టార్ స్టూడియో, పేరున్న స్టూడియో, మంచి పరికరాలు. అదే గొంతు, అవే చేతులు. వినండి. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. బ్యాండువాళ్ళకే నచ్చలేదు, తర్వాత అందరూ ఆ మాటే చెప్పారు. ఆ తర్వాత కొద్దికాలానికే ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు.

అంతకుముందు ఏడాది 1966లో వచ్చిన ‘బూమ్’ దానికి పూర్తిగా ఎదురు. టకోమాలోనే ఒక చిన్న స్టూడియో. గది గోడలకి శబ్దం పీల్చుకోవడానికి గుడ్ల అట్టలు అంటించి ఉంటే, వాటిని పీకేశారు. శబ్దం గోడకి తగిలి తిరిగి రావాలని. చేతకానివాడు చేసే పనేనా అది?

కాజీపేట_జంక్షన్

గుడ్ల అట్టలు పీకిన ముచ్చట సూపర్. మేము కాలేజీలో ఉన్నప్పుడు రూమ్ గోడలకు అవే అట్టలు జమ చేసి అంటించినం, పక్కింటాయన తిట్టకుండా. వాళ్ళు ఉల్టా చేసిండ్రు.

మైకుసెట్టు_మనవడు

లారీ పరీపా తన ఆంప్ స్పీకరుకి చిల్లులు పొడిచేవాడని చదివాను. ఇంగ్లండులో కింక్స్ బ్యాండు డేవ్ డేవీస్ 1964లో బ్లేడుతో కోన్ (స్పీకరు లోపలి కాగితపు గరాటు) చీరాడు, అది అందరికీ తెలిసిన కథ. అమెరికా గిటారిస్టు లింక్ రే 1958లో పెన్సిలుతో పొడిచాడు.

మా తాత దీనికి సరిగ్గా రివర్సు. బాక్సులో కోన్ కాగితంది. ఎలక పళ్ళు తగిలో, లారీలో ఒరుసుకునో చిరుగుతుంది. ఆయన అరుగు మీద కూర్చుని కోన్ వెల్లకిలా పెట్టి, చిరుగు అంచులు చిటికెన వేలితో కలిపి, ఫెవికాల్‌లో కాసిని నీళ్ళు కలిపి రాసి, సిగరెట్ పెట్టె లోపలుండే పల్చటి కాగితం అతికేవాడు. ఆరేదాకా ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అతుకు మందం ఎక్కువైతే ఆ చోట గరగరమంటుంది. చిరుగు ఎక్కడ ఉంటే ఏ సౌండు వస్తుందో ఆయనకి తెలుసు. లారీ పరీపాకీ తెలిసే ఉంటుంది.

సుధ_బోతెల్

అందరూ సౌండు గురించే మాట్లాడుతున్నారు, మాటలు ఎవరైనా విన్నారా? ‘ద విచ్’లో ఉన్నదేంటి? ఊరికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, నల్లటి జుట్టు, పెద్ద నల్ల కారు, దాని జోలికి పోకండి, అది మంత్రగత్తె. చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఆడవాళ్ళని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో చదువుతూ పెరిగిన నాకు ఆ పాట హాయిగా వినడం కుదరడం లేదు. ‘సైకో’ కూడా అంతే, పిచ్చెక్కితే తప్పు అమ్మాయిదే.

రాత్రి_షిఫ్ట్

సుధ గారూ, అవి పందొమ్మిది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు డాన్స్ హాల్లో పాడిన పాటలు. మరీ అంత లోతుగా తీసుకోవాలా?

సుధ_బోతెల్

తీసుకోవాలి. గొంతులో ఉన్న ఆవేశం నిజం అని మీరే అంటున్నారు. ఆవేశం నిజమైతే అది ఎవరి మీదికి పోతోందో అదీ నిజమే కదా. బ్యాండు చెడ్డది అనడం లేదు. ‘స్ట్రిక్నిన్’ నేను పదిసార్లు విన్నాను. అందులో ఎవరినీ ఏమీ అనడు, తన గొంతులోనే విషం పోసుకుంటాడు.

డ్రమ్స్_దివ్య

సుధక్కా, నేనూ అదే అనుకుంటాను. ‘ద విచ్’ డ్రమ్స్ కోసం వంద సార్లు విన్నాను, స్టేజీ మీద వాయించమంటే మాత్రం ‘స్ట్రిక్నిన్’, ‘హ్యావ్ లవ్ విల్ ట్రావెల్’ వాయిస్తాను.

కాజీపేట_జంక్షన్

స్ట్రిక్నిన్ అంటే ముష్టి గింజల నుంచి తీసే విషమే కదా? విషముష్టి! మా పెదనాయన ఆయుర్వేదం చేసేటోడు, ఆ గింజలు శుద్ధి చేయనిదే ముట్టనిచ్చేటోడు కాదు. నీళ్ళొద్దు వైనొద్దు నాకు విషముష్టే రుచి అని పాడినట్టన్నమాట. ఇప్పుడు ఆ పాట ఇంకా బాగా ఎక్కింది నాకు.

మైకుసెట్టు_మనవడు

విషముష్టి. తెలుగులో కవర్ చేస్తే (మనం మళ్ళీ పాడితే) పేరు దొరికేసింది.

లిమా_టు_లింగంపల్లి

మంచి బ్యాండే, ఒప్పుకుంటాను. కానీ ‘మొదటి పంక్ (గరుకుగా, ఆవేశంగా వాయించే రాక్) బ్యాండు’ అని ఎవరో అనబోతున్నారు, ముందే ఆపుతున్నాను. పెరూ రాజధాని లిమాలో లిన్సే అనే పేట నుంచి ‘లోస్ సైకోస్’ అని నలుగురు కుర్రాళ్ళు. 1964 నుంచి 66 దాకా ఉన్నారు. మొత్తం ఆరు సింగిల్స్, పన్నెండు పాటలు, అంతే. 1965లో ‘డెమొలిసియోన్’: రైల్వేస్టేషన్ కూల్చేద్దాం రండి అని పాట. గొంతు రోజ్లీ కంటే గరుకు. అందులోనూ స్పానిష్‌లో, సొంత పాటలు. పంక్ ఇక్కడే పుట్టిందని ఆ పేటలో ఫలకం కూడా పెట్టారు. ఏడాదిన్నర పని మీద లిమాలో ఉన్నప్పుడు వెళ్ళి చూశాను. అక్కడ మామూలు వీధి, దుకాణాలు, కార్లు. కాసేపు ఊరికే నిలబడి వచ్చాను.

సోనిక్స్ మొదటి ఎల్పీ తీసుకుంటే పన్నెండింటిలో సొంత పాటలు నాలుగే. మిగతా ఎనిమిదీ లిటిల్ రిచర్డ్, చక్ బెర్రీ, రిచర్డ్ బెర్రీ లాంటి వాళ్ళవి.

పాతరికార్డుల_పిచ్చి

లెక్క కరెక్టే. కానీ వేరేవాళ్ళ పాటల్ని ఎలా పాడారో కూడా చూడాలి. ‘లూయీ లూయీ’ తీసుకో (అది ‘బూమ్’లో ఉంది). ఆ పాట రాసిందీ రిచర్డ్ బెర్రీయే. వెయిలర్స్ 1961లో వేశారు. పోర్ట్‌లండ్ కింగ్స్‌మెన్ 1963లో చేస్తే దేశమంతా మోగింది. ఆ ప్రాంతంలో గిటార్ పట్టిన ప్రతివాడూ అదే వాయించేవాడు. సోనిక్స్ అందులో స్వరాలే మార్చేశారు, సరదా పాట కాస్తా బెదిరింపులా తయారైంది. మనకి ఒకే కీర్తన పది మంది పాడితే పది రకాలుగా వినడం అలవాటే కదా, కవర్ అనగానే చిన్నచూపు దేనికి?

ఇంకోటి. ఆ పాటల్లో చాలావరకు నల్లవాళ్ళవే, ఆ అరుపు లిటిల్ రిచర్డ్ దగ్గర నేర్చుకున్నది. అది చెప్పకుండా సోనిక్స్‌ని పొగిడితే కథ సగమే.

లిమా_టు_లింగంపల్లి

చివరి ముక్కకి దండం. స్వరాల మాట విని మళ్ళీ వేసుకున్నా, నిజమే.

రాత్రి_షిఫ్ట్

మొదటివాళ్ళ పోటీలో ‘ద మంక్స్’ని మర్చిపోవద్దు. సైన్యంలో పని అయిపోయాక జర్మనీలోనే ఉండిపోయిన ఐదుగురు అమెరికన్లు, నడినెత్తి గొరిగించుకుని బాంజో వాయించి 1966లో ఒకే ఎల్పీ చేశారు. మూడు బ్యాండులూ ఒకదానికొకటి తెలియకుండా మూడు మూలల్లో ఒకే పని చేశాయి. నాకు పోటీ కంటే అదే ఆశ్చర్యం.

కాజీపేట_జంక్షన్

మన దేశంల కూడా ఉండె కదా. సిగరెట్ కంపెనీ పెట్టిన సిమ్లా బీట్ పోటీలు, 1970, 71 ఎల్పీలు. ఫజ్ (గరగరమనే) గిటార్ దంచిండ్రు అందులో. దాని మీద వేరే థ్రెడ్ తెరుస్త.

ఐ5_కిరణ్

తెరువన్నా, తప్పకుండా వస్తాను. నా రెండో ప్రశ్నకి మాత్రం ఇంకా జవాబు రాలేదు. ఎందుకు మరుగున పడ్డారు?

పాతరికార్డుల_పిచ్చి

నాకు అర్థమైనంతలో చెప్తాను. ఎటికెట్ చిన్న లేబుల్, దేశమంతా రికార్డులు పంపే శక్తి లేదు. ఆ రోజుల్లో వాషింగ్టన్ రాష్ట్రమంటే పరిశ్రమకి ఒక మూల. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వాళ్ళు అటు తొంగి చూసేవాళ్ళు కాదు. వీళ్ళ రాజ్యమంతా డాన్స్ హాళ్ళు. సియాటిల్‌కీ టకోమాకీ మధ్య ‘స్పానిష్ కాజిల్’ అని పెద్ద హాలు ఉండేది, హెండ్రిక్స్ పాట కట్టింది దాని మీదే. ఆ హాలు కూడా 1968లో పడగొట్టారు.

పైగా వియత్నాం యుద్ధం. రాబ్ లిండ్ నేవీ పైలట్‌గా వెళ్ళాడు.

1972లో లెనీ కే ‘నగెట్స్’ అని పాత గరాజ్ పాటలన్నీ (కారు షెడ్డుల్లో సాధన చేసే ఇలాంటి కుర్ర బ్యాండుల రాక్) ఏరి డబుల్ ఎల్పీ చేశాడు. ఆ తరానికి గరాజ్ అంటే ఏమిటో నేర్పింది ఆ రికార్డే. 27 పాటలు. సోనిక్స్ అందులో లేరు. దాని దెబ్బ చాలా ఏళ్ళు ఉందని నా నమ్మకం. పెద్దబాలశిక్షలో లేని అక్షరంలా అయిపోయింది వాళ్ళ పరిస్థితి. 1980లో క్రాంప్స్ అనే బ్యాండు ‘స్ట్రిక్నిన్’ పాడాక పిల్లలు వెతుక్కుంటూ వెళ్ళారు. 2004లో ఒక కారు ప్రకటనలో ‘హ్యావ్ లవ్ విల్ ట్రావెల్’ వస్తే యూరప్ అంతా ఎవరు వీళ్ళు అంది. 2007లో రోజ్లీ, లారీ, లిండ్ మళ్ళీ కలిసి బ్రూక్లిన్‌లో స్టేజీ ఎక్కారు. అరవై దాటిన మనుషులు.

డ్రమ్స్_దివ్య

2015లో వచ్చిన ‘దిస్ ఈజ్ ద సోనిక్స్’ కూడా వినండి. డెట్రాయిట్ జిమ్ డైమండ్ నిర్మాత. మోనోలో (స్టీరియో కాకుండా ఒకే ఛానెల్‌లో) రికార్డు చేశారు. అరవై ఎనిమిదీ డెబ్బై ఏళ్ళ గొంతులో ఆ అరుపు వింటే నాకు ఏడుపొచ్చింది.

క్లియర్_సౌండ్

పాతరికార్డుల పిచ్చి గారు చెప్పిన 1967 ఎల్పీ నిన్న రాత్రి పెట్టాను, తర్వాత 1965ది. ఒకటి తర్వాత ఒకటి, హెడ్‌ఫోన్లలో. ఒప్పుకుంటున్నాను. శుభ్రమైనదాంట్లో ప్రాణం లేదు. ‘స్ట్రిక్నిన్’ మళ్ళీ మళ్ళీ విన్నాను. ‘రోల్ ఓవర్ బీథోవెన్’ మాత్రం నాకు ఇప్పటికీ గోలే, చక్ బెర్రీదే బాగుంది. గిటార్, సాక్సోఫోన్ కలిసిపోతున్నాయి అన్నాను కదా, రెండూ ఒకే స్వరం వాయిస్తున్నాయని ఇప్పుడు అర్థమైంది. కలిసిపోవడమే వాళ్ళకి కావాల్సింది.

ఐ5_కిరణ్

మీరు ఈ మాట రాసినందుకు చాలా సంతోషంగా ఉంది. మా ఫ్రెండ్స్ గ్రూపులో మీ పోస్టు పెట్టొచ్చా?

క్లియర్_సౌండ్

పెట్టండి. బీథోవెన్ సంగతి కూడా కట్ చేయకుండా పెట్టండి.

డ్రమ్స్_దివ్య

మొన్న ఆదివారం ప్రయత్నించాం. సికింద్రాబాద్‌లో మా రిహార్సల్ గది, సిమెంటు గోడలు, కార్పెట్ చుట్టేసి బయట పెట్టాం. ఒకే మైకు. ముందు కిక్ ఎదురుగా పెడితే స్నేర్ ఎక్కడో బావిలో ఉన్నట్టు వచ్చింది. నా తల పైన పెడితే అంతా సింబలే. చివరికి నా కుడి మోకాలికి ఒక జానెడు పైన, స్నేర్ వైపు వంచి పెట్టి, గెయిన్ (మైకు శబ్దం పెంచే మీట) ముల్లు ఎర్రగీత దాటేదాకా తిప్పాం. అప్పుడు దగ్గరికొచ్చింది. సింబల్ సగం బలంతో, స్నేర్ రెట్టింపు బలంతో కొడితేనే. నాలుగు టేకులకి చేతులు బొబ్బలెక్కాయి. బెనెట్ రాత్రికి ఎన్ని పాటలు ఇలా వాయించాడో తల్చుకుంటే దండం పెట్టాలనిపిస్తోంది.

సుధ_బోతెల్

ఆ రికార్డింగ్ ఇక్కడ పెట్టు దివ్యా.

మైకుసెట్టు_మనవడు

నేనూ ఒక పని చేశాను. పండక్కి ఊరెళ్ళాను కదా. తాతకి 81, వ్యాపారం మానేసి పదేళ్ళయింది కానీ అటక మీద ఒక బాకా, అహుజా ఉన్నాయి. దుమ్ము దులిపి, వైర్లు మార్చి, మధ్యాహ్నం డాబా మీద ‘స్ట్రిక్నిన్’ పెట్టాను. తాత పడక్కుర్చీలోంచి లేచి మెట్ల దాకా వచ్చి తల పక్కకి వంచి విన్నాడు. అయిపోయాక ‘మళ్ళీ పెట్టు’ అన్నాడు. రెండోసారి అయ్యాక అన్న మాట ఇది: ‘డోలు వాడి దగ్గర మైకు ఉంది. పాడేవాడు మైకుని మింగేస్తున్నాడు, బెత్తెడు వెనక్కి జరిగి అరిస్తే ఇంకా తేటగా పగిలేది.’

తేటగా పగలడం అట!

డ్రమ్స్_దివ్య

తాతగారికి ‘బూమ్’లోంచి ‘హీ ఈజ్ వెయిటింగ్’ వినిపించు ప్లీజ్. అందులో గొంతు మైకుకి ఎంత దూరంలో ఉందో ఆయన్ని అడిగి చెప్పు. వచ్చే ఆదివారం మళ్ళీ గది బుక్ చేశాను.